పాలకొల్లులో బోర్డు వెలిసిపోయిన అద్దె పుస్తకాల కొట్టు

కొత్త పుస్తకం కావాలంటే ఈ కొట్టుకు వెళ్లకండి. ఈ ఏడాది అచ్చయినదేదీ అక్కడ దొరకదు, పోయిన ఏడాదిదీ దొరకదు. పోటీ పరీక్షల గైడ్లు లేవు, పిల్లల బొమ్మల పుస్తకాలు లేవు, కూర్చుందామంటే రెండో కుర్చీ లేదు. నేల నుంచి దూలం దాకా తెలుగు నవలలు, వారపత్రికల్లోంచి సీరియళ్లు చింపి కుట్టిన బైండింగులు, కలరా ఉండల వాసన, వీటి మధ్య డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి. ఇదీ సరుకు. పాలకొల్లు క్షీరారామం గాలిగోపురం దగ్గర దిగి, అద్దె పుస్తకాల బాబాయిగారి కొట్టు ఎక్కడని ఎవరినైనా అడగండి, చూపిస్తారు. బోర్డు మీద రంగు ఎప్పుడో వెలిసిపోయింది. ఆయన మళ్లీ రాయించలేదు. తెలిసినవాళ్లకు బోర్డు అక్కరలేదు, తెలియనివాళ్లకు పుస్తకమే అక్కరలేదు అని ఆయన లెక్క. ఆ లెక్క తప్పని ఆయన ముఖం మీదే చెప్పాను.

నేను ప్రేమకథలు రాసి బతికే మనిషిని. ఆచంట దగ్గర ఒక పల్లెలో ఉంటాను. వారపత్రికల సీరియళ్లతో మొదలుపెట్టి, నవలల మీదుగా, ఇప్పుడు జనం ఫోనులో పెట్టుకుని వినే కథల దాకా వచ్చాను. నా పుస్తకాలు కూడా ఆ అరల్లో ఉన్నాయి కాబట్టి ఈ సమీక్షలో కొంత స్వార్థం ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

అరల అమరిక చూస్తే గ్రంథాలయ శాస్త్రం చదివినవాళ్లు బెదిరిపోతారు. రచయిత పేరును బట్టి లేదు, అక్షరక్రమం లేదు. వీధివైపు డిటెక్టివ్ నవలలు, ఆటో స్టాండు వాళ్ల కోసం. ఎడమ గోడకు ‘ఏడిపించేవి’. ఎదురు గోడకు ‘ఏడిపించి పెళ్లి చేసేవి’. కుడివైపు ‘ఇంట్లో అందరూ చదవదగ్గవి’. సుద్దముక్కతో రాసిన పేర్లివి. నా నవలలు చాలావరకు ఎదురు గోడకు ఉన్నాయి. ఒకటి మాత్రం ఎడమ గోడకు చేరింది. అది నేను పెళ్లితో ముగించిన కథే! కానీ తీసుకెళ్లినవాళ్లు వరసగా వచ్చి “ఏడిపించింది బాబాయిగారూ” అంటే ఆయన గోడ మార్చేస్తారట. విమర్శకుల వర్గీకరణ కంటే ఇందులో పక్షపాతం తక్కువ.

డెల్టాకు గ్రంథాలయాలంటే కొత్త కాదు. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్యగారు 1890లో పుట్టింది తూర్పు గోదావరి కొంకుదురులోనే. అవతల కృష్ణా డెల్టాలో 1935లో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. ఆ ఉద్యమం జ్ఞానం కోసం, దేశం కోసం నడిచింది. దానికి సన్మానాలు, చరిత్రలు ఉన్నాయి. అద్దె కొట్లు కాలక్షేపం కోసం పుట్టాయి, కాబట్టి వాటి చరిత్ర ఎవరికీ పట్టలేదు. నవల కొనే స్తోమత లేని ఇళ్లలో, బయటికి వెళ్లే వీలులేని ఆడవాళ్ల చేతుల్లోకి కథ చేరింది మాత్రం ఎక్కువగా ఈ కొట్లగుండానే. టీవీ సీరియళ్లు వచ్చాక ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొన్ని సెల్‌ఫోను రీచార్జి కొట్లయ్యాయి.

ఇక్కడ అసలు విలువైన సరుకు బైండింగులు. ఒకప్పుడు ఇంట్లో ఆడవాళ్లు వారం వారం సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి దాచి, కథ అయిపోయాక దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేవారు. ఇల్లు మారినప్పుడో, మనిషి పోయినప్పుడో అవి పాత కాగితాల తూకానికి వెళ్లేవి. బాబాయిగారు ఆ తూకపు కొట్ల దగ్గర కాపు కాసి కిలోల లెక్కన కొన్నారు. నా రెండో సీరియల్ పుస్తకంగా రాలేదు. వేస్తానన్న ప్రచురణకర్త దుకాణం ఎత్తేశాడు, రాతప్రతీ అతనితోనే పోయింది. నాకు తెలిసి ఇవాళ అది ఉన్నదల్లా ఇక్కడే, ఎవరో తెలియని ఒక ఇల్లాలి కుట్టుతో. పేజీ రెండోవైపు ఆ వారం రాశిఫలాలు, అరటిదవ్వ పెరుగుపచ్చడి చేసే విధానం. కథానాయకుడు ఆమెను మొదటిసారి పేరు పెట్టి పిలిచేచోట కాగితం తిప్పితే, కన్యారాశివారికి ధననష్టం. నా రాతల మీద వచ్చిన సమీక్షల్లో అంత సూటైనది ఇంకొకటి లేదు.

1996 నవంబరు తుఫానుకు పెంకులు లేచిపోయి కొన్ని అరలు తడిశాయట. ఆ పుస్తకాలు కొబ్బరాకుల చాపల మీద ఆరబెట్టినవి. అప్పటినుంచి కాగితం అలలు తిరిగి ఉంటుంది. తెరవగానే చప్పుడు చేస్తుంది, పక్కవాళ్లు నిద్రపోతుంటే చదవలేరు.

ఇక ఈ కొట్టు ప్రత్యేకత: మీకంటే ముందు చదివినవాళ్లు మీతో మాట్లాడతారు. పేజీల అంచుల్లో పెన్సిలు రాతలు ఉంటాయి. రైలు ప్రమాదం వార్త వచ్చేచోట ఎవరో రాశారు: “కంగారు పడకండి, అతను ఆ రైలు ఎక్కలేదు.” ఇంకో నవలలో: “ఇక్కడ ఆపి అన్నం తినండి. తర్వాత ఆపలేరు.” ఒక మామ్మగారు పోయే అధ్యాయం మొదట్లో: “ఇంట్లో పెద్దవాళ్లు మంచాన ఉంటే ఇది ఇప్పుడు చదవవద్దు.” రబ్బరు పెట్టి చెరిపేయవచ్చు కదా అంటే బాబాయిగారు ఒప్పుకోరు. “మీరు రాసింది వాళ్లు చెరిపారా అమ్మాయీ?” అంటారు.

ఆ రైలు నవల నాదే. అతను బతికి ఉన్నాడా లేడా అన్నది తేలకుండా రెండు అధ్యాయాలు నిలబెట్టడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. ఎవరో పుణ్యాత్మురాలు ఒక్క పెన్సిలు గీతతో వాటిని గోదాట్లో కలిపేసింది. ఆమె ఎదురుపడితే తగువు పెట్టుకునేదాన్నే. కానీ ఆమె ఎవరి కోసం రాసిందో చూడండి. తనకేమీ కాని మనిషి, ఎప్పుడో, ఏ ఇంట్లోనో, అర్ధరాత్రి ఆ పేజీ దగ్గర గుండె పట్టుకుంటుందని ఊహించి, ముందుగానే అభయం ఇచ్చింది. కథ చెప్పేవాళ్లు దాచి బతుకుతారు. ప్రేమ ఉన్నవాళ్లకు దాచడం చేతకాదు. నలభై నవలలు రాసినా నాలో ఈ ఇద్దరికీ పొసగలేదు.

ఇప్పుడు మేనత్త సంగతి చెప్పాలి. ఆ ఎడమ గోడ నవలలో ఒక మేనత్త ఉంటుంది. మేనకోడలి నగలు తాకట్టు పెట్టించి, సంబంధం చెడగొట్టి, ఉత్తరాలు దాచేసిన మనిషి. చివర్లో అన్నీ బయటపడ్డాక ఆమె గుమ్మంలోకి వస్తే, కథానాయిక “మీకూ మాకూ చెల్లు” అని తలుపు వేస్తుంది. పుస్తకం వచ్చిన రోజుల్లో ఆ తలుపు చప్పుడుకు పాఠకులు పండగ చేసుకున్నారు, నాకు ఉత్తరాలు రాశారు. ఈ కొట్టులోని ప్రతికి చివరి పేజీల కట్ట ఊడిపోయింది. దాని స్థానంలో రూళ్ల కాగితాలు మైదా జిగురుతో అంటించి ఉన్నాయి. గుండ్రటి చేతిరాత, నీలిసిరా. అందులోనూ మేనత్త గుమ్మంలోకి వస్తుంది. కథానాయిక తలుపు వేయదు, ఏమీ అనదు. లోపలికి వెళ్లి విస్తరి వేసి, “ఎప్పుడు బయలుదేరారో ఏమో, ముందు కూర్చోండి” అంటుంది. మేనత్త పప్పు కలుపుకుని, ముద్ద ఎత్తలేక, చెయ్యి కడుక్కోలేక, అలాగే కూర్చుండిపోతుంది. ఆ తర్వాత పెళ్లి మామూలే.

ఎవరి రాత ఇది అని అడిగితే బాబాయిగారు చెప్పారు. ఆ వీధిలోనే ఒక ఇంట్లో కోడలు పిల్ల, నవలలంటే పడని అత్తవారు. పుస్తకం ఆ ఇంటికి పూలబుట్టలో, అరటాకు అడుగున వెళ్లేది. తీసుకెళ్లే పూలమ్మికి చదువు రాదు. డబ్బులిస్తే పుచ్చుకునేది కాదు. దడి దగ్గర నిలబడి మూర కొలుస్తూ నిన్నటి కథ చెప్పించుకునేది, అదే కూలి. ఈ నవల చివరి పేజీలు అప్పటికే లేవు. కోడలు పిల్ల పుట్టింట్లో ఉన్నప్పుడే ఇది చదివిందట, గుర్తున్నంతవరకు తలుపు వేయడం దాకా చెప్పింది. పూలమ్మికి కోపం వచ్చింది. “తలుపేసేసిందా? అన్నం తిన్నారా అని అడగకుండానే? ఇదేం కథ అమ్మా!” అని మూర కొలవడం కూడా మానేసి వెళ్లిపోయిందట. మర్నాటికి ఆ పిల్ల ఈ కాగితాలు రాసి, దడి దగ్గర చదివి వినిపించి, పుస్తకంలో పెట్టి తిప్పి పంపింది. జిగురు పెట్టింది బాబాయిగారే.

పూలమ్మి పుట్టిల్లు లంకల గన్నవరం. అది తెలిశాక నాకు ఆశ్చర్యం పోయింది. డొక్కా సీతమ్మగారి ఊరది. 1841లో మండపేటలో పుట్టి, ఆ లంక ఊరికి కోడలై వచ్చి, 1909లో పోయేదాకా వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లకల్లా వండి పెట్టిన తల్లి. చక్రవర్తి ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలిస్తే వెళ్లలేదని చెప్పుకుంటారు. నాకు అంతకంటే ఇష్టమైనది అంతర్వేది కథ. నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయలుదేరిందట. దారిలో ఎవరో ప్రయాణికులు ఆకలికి ఏడుస్తున్న పిల్లలతో, ఇంకొంచెం నడిస్తే సీతమ్మగారిల్లు వస్తుంది, అన్నం పెడతారు అంటున్న మాటలు చెవిన పడ్డాయి. పల్లకీ వెనక్కి తిప్పించింది. మాబోటివాళ్లం రాస్తే ఇక్కడ ఏదో ఒకటి కలుపుతాం: ఆ రాత్రి స్వామి కలలో కనిపించాడనో, వంటింట్లో వెలుగు వచ్చిందనో. మా అమ్మమ్మ చెప్పిన కథలో అలాంటివేమీ లేవు. పల్లకీ తిరిగింది, పొయ్యి వెలిగింది. స్వామి ఏమనుకున్నాడన్నది ఎవరూ అడగరు. భక్తి గురించి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి కథ లేదు. పి. గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీద, కాలువను దాటించడానికి తర్వాత కట్టిన వంతెనకు, అంటే అక్విడక్టుకు, ఆమె పేరే పెట్టారు.

ఇంత చెప్పినా, నా మేనత్తకు అన్నం పెట్టడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. మన కథల్లో క్షమించే పని ఎప్పుడూ కోడళ్లకూ మేనకోడళ్లకూ పడుతుంది, మేనమామలకు పడదు. ఒక్క పిల్లయినా తలుపు వేయాలని పట్టుబట్టి రాశాను. మళ్లీ అచ్చు వేస్తే తలుపు అలాగే వేయిస్తాను. కానీ ఆ నీలిసిరా కాగితాలు మరోసారి చదవండి. క్షమించానన్న మాట అందులో ఎక్కడా లేదు. పెట్టింది అన్నం ఒక్కటే. నగలు మరిచిపోలేదు, ఉత్తరాలు మరిచిపోలేదు. ఆ తేడా పట్టుకున్న చెయ్యి నవల రాయవలసిన చెయ్యి. చెయ్యి కడుక్కోలేక కూర్చున్న ఆ మేనత్తను నేను ఊహించలేకపోయేదాన్ని, ఒప్పుకోక తప్పదు. ఈ కొట్టుకు వెళ్లేవాళ్లు ఇంకేదీ తీసుకోకపోయినా ఆ ప్రతి అడిగి తీసుకోండి. వాకబు మాత్రం చేయకండి, ఆ ఇల్లు ఏదో బాబాయిగారు చెప్పరు, నాకూ చెప్పలేదు.

సభలకు పిలిచినప్పుడు గోదావరి నేల మీద గొప్ప ప్రేమకథ ఏదని అడుగుతారు. వెన్నెల, లాంచీ, కొబ్బరితోట చెబుతానని ఎదురుచూస్తారు. నేను 1881 డిసెంబరు 11 చెబుతాను. రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించిన రోజు. బహిష్కారానికి భయపడి వంటవాళ్లు, పనివాళ్లు రాకపోతే, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నీళ్లు మోసి, వంట చేసి పెట్టారని చెబుతారు. ఉపన్యాసాలు ఆయన ఇచ్చారు, కడవ ఆమె ఎత్తుకున్నారు. అది విన్ననాటి నుంచి నా కథల్లో కథానాయకులందరిచేతా ఎక్కడో ఒకచోట నీళ్లు మోయిస్తున్నాను. ఎవరికీ అనుమానం రాలేదు.

కొట్టు వెనక గదిలోనూ ఒక ప్రేమకథ నడుస్తూ ఉంటుంది, ఉచితంగా చూడవచ్చు. చిరిగిన పుస్తకాలు కుట్టేది పిన్నిగారు. ఆవిడకు చూపు బాగా తగ్గింది, వేళ్లకు మాత్రం కుట్టు తెలుసు. సాయంత్రం దీపాలు పెట్టాక ఆవిడ కుడుతుంటే ఆయన చదివి వినిపిస్తారు. కాస్త సరసంగా ఉన్న పేరాలు వస్తే, బయట ఖాతాదారులు ఉన్నారని, దాటేస్తారు. “ఏదో ఎగ్గొట్టారు” అంటుంది ఆవిడ, సూది ఆపకుండా. ఆయన దగ్గి, వెనక్కి వెళ్లి, గొంతు తగ్గించి చదువుతారు. అది నా రచనైతే నేను కూడా గోడవైపు తిరుగుతాను.

కార్తీకమాసంలో కొట్టు రంగు మారుతుంది. పంచారామాల బస్సులు పాలకొల్లు, భీమవరం, ద్రాక్షారామం, సామర్లకోట, అమరావతి ఒక్క రోజులో చుట్టబెడతాయి. దర్శనం అయ్యాక బస్సు కదిలేలోపు ఆడవాళ్లు కొట్టు మీద పడతారు. పొరుగూరి వాళ్లయినా, ఇంకో జిల్లా వాళ్లయినా ఇచ్చేస్తారు. తిరిగి వచ్చేవి వస్తాయి, కొన్ని మళ్లీ కార్తీకానికి వస్తాయి. నేను దేవుణ్ణి గట్టిగా నమ్మే మనిషినే. నా కథానాయికలూ నమ్ముతారు. కానీ మొక్కుకున్నందుకు వాళ్లలో ఒక్కరికీ పెళ్లి చేయలేదు. దీపం వదిలి వచ్చి, నవల చేతపట్టుకుని, చివరి పేజీ ముందే తిప్పి చూసే భక్తురాళ్లను చూస్తే నవ్వు వస్తుంది. ఇందాక లింగం ముందు వదిలేసిన భారం, ఇక్కడ నా మీద వదలడానికి వాళ్లకు మనసొప్పదు!

తిరిగొచ్చిన పుస్తకాల్లో పేజీ గుర్తుకు పెట్టుకుని మరిచిపోయినవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచారు. విభూతి పొట్లాలు, ఆదివారం బడిలో ఇచ్చే వాక్యం కార్డులు, బస్సు టిక్కెట్లు, కొబ్బరికాయల లెక్క వేసిన చీటీలు, తలపిన్నులు. ఎవరైనా వచ్చి అడిగితే తీసి ఇస్తారట. ఎవరైనా వస్తారా అంటే, వాక్యం కార్డు కోసం ఒక పిల్ల వచ్చిందన్నారు.

లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. వెలుతురు చాలదు, సాయంత్రం అయితే వెన్నుల మీద పేర్లు కనబడవు. పై అరల్లో వెండిచేప పురుగులు కాపురం పెట్టాయి. జాబితా లేదు, అంతా ఆయన బుర్రలో ఉంది, ఈమధ్య ఆ బుర్ర ఒక పేరు అడిగితే ఇంకో పేరు ఇస్తోంది. మెట్లు ఎత్తు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నిలబడి కేక వేయాలి. మధ్యాహ్నం భోజనానికి మూసి ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం. అన్నిటికంటే పెద్ద లోపం అద్దె. పుస్తకం ఎంత లావైనా రోజుకు ఐదు రూపాయలు, బైండింగులకు ఏడు, అదీ సగం మంది దగ్గర అడగరు. తెలుగులో తొలి నవలగా చెప్పుకునే రాజశేఖర చరిత్ర 1880లో పుస్తకంగా వచ్చింది, కథ మన ధవళేశ్వరంలోదే. అందులో రాజశేఖరుడు పొగిడినవాళ్లకల్లా పెట్టి, బంగారం చేసిస్తానన్న బైరాగిని నమ్మి, ఉన్నదంతా పోగొట్టుకుంటాడు. మీరూ అలాగే అవుతారు అన్నాను బాబాయిగారితో. “నన్ను పొగిడేవాళ్లు లేరు అమ్మాయీ, బైరాగికి పాత నవలలు అక్కరలేదు” అన్నారు. ఈ దానగుణం మీద నాకు భక్తి లేదు. విద్యుత్తు బిల్లు పిన్నిగారి కుట్టుకూలితో కడుతున్నారని ఆవిడే చెప్పింది. వెళ్లేవాళ్లు దయచేసి అద్దె ఆయన చేతికి ఇవ్వకండి, లోపలికి వెళ్లి ఆవిడకు ఇవ్వండి.

డిపాజిట్టు ఎవరి దగ్గరా పుచ్చుకోరు, ఆధార్ అడగరు, రూళ్ల పుస్తకంలో పేరు, వీధి రాసుకుంటారు. నా సీరియల్ బైండింగు నకలు తీయించుకుంటానని అడిగితే మాత్రం ఐదువందలు డిపాజిట్టు కట్టమన్నారు. రాసింది నేనే కదా బాబాయిగారూ అంటే, రచయితలే పుస్తకాలు తిరిగి ఇవ్వరు అన్నారు. కట్టాను. రసీదు కూడా ఇచ్చారు.